గాజు పలక మీద ఊరు

ఆ ఏడు వానలు పట్టుకున్న కొన్నాళ్ళకే మా ఒకటో తరగతి గదిలో అక్షరమాల చార్టు ఊడి పడింది. గాలికి పడలేదు. గోడ చెమ్మగిల్లి, వెనకనున్న అట్ట ఉబ్బి, మేకుల దగ్గర కాగితం మెత్తబడింది. పిల్లలు మధ్యాహ్నం డబ్బాలు తెరుచుకుని తింటున్నప్పుడు మెల్లగా జారి వాళ్ళ వెనకాల కూలబడింది. ఎత్తి చూస్తే బొమ్మలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విడదీయబోతే ఏనుగు తోలు ఒంటె మీదికి వచ్చింది.

ఇది సూరత్‌లో సంగతి. ప్లేగు భయం వచ్చి పోయిన తర్వాతి సంవత్సరాలు. నవాగామ్ వైపు ఒక తెలుగు బడిలో నేను టీచరును. పెళ్ళయి కరీంనగర్ వైపు నుంచి వచ్చాను. మా ఆయన ఊరవతల సచిన్ అనే చోట ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు, తెల్లారకముందే బస్సు ఎక్కేవాడు. నాకు టీచరు ట్రైనింగు ఉంది కనుక బడిలో ఖాళీ వచ్చినప్పుడు చేరిపోయాను. పిల్లలంతా మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళ పిల్లలే. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కిరాణా కొట్టులో గుజరాతీ మాట్లాడేవాళ్ళు. బడిలో మాత్రం ఏది మాట్లాడాలో తెలియక మొదట్లో ఏదీ మాట్లాడేవాళ్ళు కాదు.

నిజం చెప్పాలంటే ఆ చార్టు పడిపోయిందని నేను పెద్దగా బాధపడలేదు. ఇ దగ్గర ఇల్లు బొమ్మ ఉండేది. పెంకుల కప్పు, ముందు రెండు కొబ్బరి చెట్లు, పక్కన బావి. ఇదేమిటి అని అడిగితే "మందిర్" అనేవాళ్ళు. వాళ్ళకు ఇల్లంటే పొడుగాటి వరండాలో పక్కపక్కన ఉండే ఒంటి గది. దాన్ని ఖోలీ అంటారు. గ దగ్గర గాలిపటం చూపిస్తే "పతంగి" అని అరిచేవాళ్ళు. ఆ మాట తప్పు కాదు. కానీ గ ఎక్కడికి పోయినట్టు?

పెద్ద సారును కొత్త చార్టు అడిగాను. హైదరాబాదు నుంచి రావాలని, రాసి పెట్టానని చెప్పాడు. అది వచ్చేదాకా నల్లబల్ల మీద బొమ్మలు వేద్దామంటే నా చేతికి బొమ్మ రాదు. ఒకసారి ఆవును గీస్తే క్లాసంతా ఒక్క గొంతుతో "కుత్తా" అన్నారు, కుక్క అని.

అప్పట్లోనే నా సర్టిఫికెట్లకు నకళ్ళు తీయించుకోవాల్సి వచ్చి, ఒక రోజు రింగ్ రోడ్డు పక్క సందులో ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్ళాను. చీరల వ్యాపారులు ఎక్కువగా వచ్చే షాపు అది. నా కాగితాలు మామూలు మిషను మీద తీస్తున్నారు. పక్కన రంగుల్లో కాపీ తీసే ఇంకో మిషను, బీరువా అంత ఉంది. దాని ముందు ఒక వ్యాపారి చీర కొంగు ముక్క పట్టుకుని నిలబడ్డాడు. షాపాయన ఆ గుడ్డ ముక్కను గాజు మీద పరిచి మూత వేశాడు. లోపల లైటు అటూ ఇటూ తిరిగింది. అడుగునుంచి కాగితం వచ్చింది. దాని మీద కొంగు ఉంది. కొంగు బొమ్మ కాదు, కొంగే. నేత పోగులు, ఒక మూల లేచిన దారం కూడా కనిపిస్తున్నాయి. నేను అడక్కుండానే చెయ్యి చాచి వేలితో తడిమి చూశాను. నున్నటి కాగితం తగిలింది.

ఆ మిషను కాగితాన్నే కాదు, వస్తువును కూడా తీస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

షాపాయన నడివయసు సూరతీ మనిషి. అందరూ కాకా అనేవాళ్ళు. నా వచ్చీరాని హిందీలో అడిగాను, దీని మీద మిరపకాయ పెట్టవచ్చా అని. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"బెన్, యే మషీన్ హై. తవా నహీ హై."

పెనం కాదమ్మా ఇది అని. వ్యాపారి నవ్వాడు. నేను బడి సంగతి, పడిపోయిన చార్టు సంగతి, నేను గీసిన ఆవు సంగతి చెప్పాను. ఆవు దగ్గర కాకా కూడా నవ్వాడు. ఆదివారం పొద్దున రమ్మన్నాడు, అప్పుడు వ్యాపారులు తక్కువ. తడి వస్తువు పెట్టకూడదు, బరువైంది పెట్టకూడదు, ప్రతిసారీ గాజును నేనే తుడవాలి. అవీ ఆయన షరతులు.

ఆదివారం ఒక సంచి నిండా సామాను పట్టుకుని వెళ్ళాను. తాళంచెవి, కత్తెర, గాజులు, ఎండుమిరపకాయలు, చింతకాయ, అగ్గిపెట్టె, చిన్న అద్దం, మగ్గానికి పెట్టే దారం చుట్టిన బాబిన్, మడిచిన పతంగి. కలర్ కాపీ అంటే అప్పట్లో మాటలు కాదు, ఒక్కోదానికీ డబ్బు చూసుకుని తీయించుకోవాలి. అందుకని ఒక్క కాగితంలో ఎన్ని పడితే అన్ని వస్తువులు సర్దాను. మా అమ్మ ప్రయాణానికి సద్ది గిన్నెలు సర్దినట్టు, సందు కనిపిస్తే అక్కడ ఒక మిరపకాయ దూర్చాను.

మూత మూసుకోలేదు. మూత తెరిచి తీస్తే వస్తువుల చుట్టూ కాగితమంతా నల్లగా వచ్చింది, రాత్రిపూట ఆకాశంలో వేలాడుతున్నట్టు. అప్పుడు కాకా లోపలి నుంచి తెల్ల తుండు తెచ్చి పైన కప్పాడు. ఈసారి తెల్లటి నేల మీద అన్నీ బాగా వచ్చాయి, ఒక్క అద్దం తప్ప. అద్దం నల్లటి చిల్లులాగా వచ్చింది. మళ్ళీ తీసినా అంతే. లైటంతా తనే ఎటో విసిరేస్తోంది, మిషనుకు ఏమీ ఇవ్వడం లేదు అన్నాడు కాకా. అ కోసం అనుకున్న అద్దం పోయి అగ్గిపెట్టె వచ్చింది.

చ కోసం నా చెయ్యే పెట్టాను. లోపల లైటు ఒక్కసారితో ఆగదు, రంగుకొకసారి తిరుగుతుంది. అన్నిసార్లూ కదలకుండా ఉండాలి. నేను ఊపిరి బిగపట్టినా చిటికెన వేలు కదిలినట్టుంది. కాగితం మీద ఆ వేలి అంచున ఒక పక్క ఎర్ర గీత, ఒక పక్క నీలం గీత వచ్చాయి. కాకా మళ్ళీ తీద్దామన్నాడు. ఉండనివ్వమన్నాను. చెయ్యి అన్నాక కదులుతుంది.

ఇంటికి తెచ్చి చాప మీద అన్నీ పరుచుకుని కత్తిరించడం మొదలుపెట్టాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి నేల మీద నిజం మిరపకాయలు, కాగితం మిరపకాయలు కలిసి ఉన్నాయి. కాసేపు చూసి, "కూరల ఏది ఏస్తున్నవో జర సూసుకో" అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

అక్షరాలను చీర డిజైన్ల కాపీలలోంచి కత్తిరించాను. వ్యాపారులు వద్దని పారేసినవి కాకా దగ్గర కట్టలు కట్టలు ఉండేవి. పూల చీరలోంచి ప, గళ్ళ చీరలోంచి క. అక్షరం పక్కన వస్తువులు అంటించి మళ్ళీ మిషనులో పెడితే అతుకుల చుట్టూ సన్నటి నీడలు పడ్డాయి. ఆ నీడలు పోయే ఉపాయం కాకాయే చెప్పాడు. అతికిన అంచును గరిటె వెనక భాగంతో బాగా రుద్దాలి, తర్వాత సన్నటి కుంచెతో అంచు మీద తెల్ల రంగు పుయ్యాలి. అలా చేసి తీస్తే కత్తెర ఎక్కడ తగిలిందో కూడా తెలియలేదు. ఎక్కడెక్కడివో ముక్కలన్నీ ఒకే కాగితం మీద పుట్టినట్టు వచ్చాయి. రంగులు మాత్రం మొదటి కాపీ కంటే ఒక పిసరు ముదిరేవి. మిరపకాయ ఇంకా ఎర్రబడేది.

క్లాసులో గోడకు తగిలించిన రోజు పిల్లలు బెంచీలు వదిలేసి గోడ దగ్గరికి వచ్చేశారు. ఒకమ్మాయి మిరపకాయను నాకి చూసి "కారం లేదు" అని అందరికీ చెప్పింది. ఇంకొకడు తాళంచెవిని గోటితో పెకలించబోయాడు. బ దగ్గర బాబిన్ ఉంది. దాన్ని చూడగానే క్లాసంతా ఒక్కసారి నవ్వారు, తెలిసిన మనిషి అనుకోకుండా బడికి వచ్చినట్టు. ఆ వారంలో బ ఎవరూ మర్చిపోలేదు. నాకు చాలా సంతోషమేసింది. నేను చేసింది సరైనదేనని అనుకున్నాను.

నాలుగైదు రోజులకు ఒక పిల్లవాడి తండ్రి బడికి వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి సరాసరి వచ్చినట్టున్నాడు. తల మీద, కనుబొమల మీద దారపు నూగు ఉంది. గుమ్మం దగ్గరే ఆగి చెప్పులు విడిచాడు.

"టీచరమ్మా, జర మాట్లాడాలె."

"చెప్పన్నా."

"మా పోరడు ఇంటికొచ్చి బ అంటే బాబిన్ అంటున్నడు."

"అవునన్నా. బాగా నేర్చుకున్నాడు."

"నేర్సుకునుడేంది? బాబిన్ నేర్పాల్నంటే నేనే నేర్పుత గద. గా మాత్రం దానికి బడికెందుకు తోలుడు?"

వాడికి తెలిసిన వస్తువైతే అక్షరం తొందరగా గుర్తుంటుందని చెప్పాను. ఆయన కోపంగా లేడు. అలసటగా ఉన్నాడు. అందుకే ఆ మాటలు ఇంకా గట్టిగా తగిలాయి.

"గదే నేను గూడ అంటున్న. సూసిందే సూపిస్తే ఇగ కొత్తది ఎప్పుడు సూస్తడు? పొద్దుగాల లేస్తె మగ్గం సప్పుడు, పండుకుంటె మగ్గం సప్పుడు. బడికొస్తె గీడ గూడ గోడ మీద గదే పెట్టిండ్రు. జొన్న కంకి ఎట్లుంటదో వానికి ఎరుక లేదు. జొన్నలు అంటె పోంక్ అంటడు."

పోంక్ అంటే సూరత్‌లో చలికాలం అమ్మే లేత పచ్చజొన్నలు, కాల్చి, నూర్చి పొట్లం కట్టి ఇస్తారు. పిల్లలకు గింజలు తెలుసు. కంకి తెలియదు.

వాళ్ళ బతుకులోని వస్తువులను గోడ మీదికి ఎక్కిస్తే వాళ్ళకు గౌరవం అని నేను అనుకున్నాను. ఈయనకు అది తలుపు మూసినట్టు అనిపించింది. ఇద్దరం ఒకే బాబిన్ వైపు చూస్తూ నిలబడ్డాం.

"కంకి నాకిక్కడ ఎక్కడ దొరుకుతుందన్నా? నువ్వు ఊరికి పోయినప్పుడు తెచ్చి పెట్టు. గాజు మీద పట్టేది ఏదైనా సరే. అదీ తీయించి గోడకు పెడతాను."

"గాజు మీదనా?" అన్నాడు. మిషను సంగతి చెప్పాను. ఎంత పెద్దది పడుతుందని అడిగాడు. చేతులతో చూపించాను. తన చేతులతో ఆ కొలత పట్టుకుని, అలాగే చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

దీపావళికి సూరత్‌లో మగ్గాలు బందవుతాయి. పనివాళ్ళు చాలామంది రైళ్ళు పట్టుకుని ఊళ్ళకు పోతారు. ఆయనా పోయాడు. బడి తెరిచాక ఒక రెక్సిన్ సంచితో వచ్చి నా బల్ల మీద ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. పేపరులో చుట్టిన జొన్న కంకి. ఒక తునికాకుల కట్ట, వాళ్ళమ్మ ఇంట్లో బీడీలు చుడుతుందట. ఎండిన తంగేడు కొమ్మ. వంకీలు తిరిగిన తుమ్మకాయలు. పగిలిన పత్తికాయ ఒకటి. మా పిల్లల ఇళ్ళలో ఎప్పుడూ దారమే మాట, కానీ ఆ మగ్గాల మీద నడిచేది పాలిస్టర్. పత్తి వాళ్ళలో ఎవరూ చూడలేదు. ఆ కాయను క్లాసులో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇస్తే తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి సగమైంది.

అన్నీ అయ్యాక సంచి అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఎర్రటి చెల్క మన్ను, మా వైపు మెట్ట పొలాల్లో ఉండేది.

"గిది గూడ పనికొస్తదేమో అని తెచ్చిన. రాకుంటె పారబోయుండ్రి."

పనికొస్తుందో రాదో నాకూ తెలియదు. ఆదివారం నాతో షాపుకు రమ్మన్నాను. వచ్చాడు, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. పండగ తర్వాత కొత్త మాలు మొదలైనందువల్ల ఆదివారమైనా ఇద్దరు ముగ్గురు వ్యాపారులు ఉన్నారు. కంకి, ఆకులు, తంగేడు కొమ్మ, మిగిలిన పత్తికాయ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. తుమ్మకాయలైతే ఆ గాజు కోసమే కాసినంత చదునుగా ఉన్నాయి. తర్వాత ఆయన కవరు తీశాడు.

కాకా రెండు చేతులూ గాజు మీద అడ్డం పెట్టాడు.

"కాచ్ పే మిట్టీ? నహీ బెన్. బిల్కుల్ నహీ."

"థైలీ మే హై సేఠ్," అన్నాడాయన. "బాహర్ నహీ ఆయేగా." కవరులోనే ఉంది, బయటికి రాదు అని.

"ఏక్ దానా భీ గిరా తో?"

ఒక్క గింజంత రాలినా గాజు గీసుకుపోతుందని కాకా భయం. ఆ భయం న్యాయమైందే. మన్ను వద్దు, ఇంటికి పోదామన్నాను. ఆయన కదల్లేదు. బతిమాలనూ లేదు. కవరును రెండు అరచేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. కాకా కాసేపు ఆ కవరు వైపు చూశాడు. చివరికి లోపలికి పోయి పారదర్శకంగా ఉండే మందపాటి ప్లాస్టిక్ షీటు ఒకటి తెచ్చి గాజు మీద పరిచాడు. మన్ను కవరును ఇంకో కవరులో వేసి మూతి మడిచి టేపు అంటించాడు. దాన్ని షీటు మీద పెట్టి, చపాతీ పిండిని సాగదీసినట్టు పైనుంచి అరచేత్తో నిమురుతూ మన్నును అన్ని మూలలకూ తనే సర్దాడు. మూత మెల్లగా దించాడు.

లైటు తిరిగింది. మేమందరం, వ్యాపారులతో సహా, కాగితం వచ్చే చోటికి చూస్తూ నిలబడ్డాం.

కాగితం మీద మన్ను వచ్చింది. చిన్న చిన్న రాళ్ళు, ఒక గడ్డిపోచ, ఒక చోట చీమ తలకాయంత మెరుపు. వెనకనున్న వ్యాపారి ముందుకు వంగి కాగితం అందుకున్నాడు.

"వాహ్. యే కౌన్ సా మాల్ హై?" ఇదేం గుడ్డ అని అడిగాడు.

"మాల్ నహీ సేఠ్," అన్నాడాయన. "మిట్టీ హై. హమారే గావ్ కీ." మా ఊరి మన్ను అని.

వ్యాపారి కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, చీరకు నేల రంగుగా బాగుంటుందని అన్నాడు. కాకా మాత్రం సంతోషంగా లేడు. కవరును, కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. కాగితం మీద ఎరుపు ముదిరింది. చీరల వాళ్ళు ఆవగింజంత తేడా వచ్చినా ఒప్పుకోరు కనుక ఆయనకు అలవాటు. మీట తిప్పి రంగు తగ్గించి మళ్ళీ తీస్తానన్నాడు.

పిల్లవాడి తండ్రి ఆ కాగితం మీదికి వంగి చూస్తున్నాడు.

"రహనే దో సేఠ్," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "వాన పడ్డట్టున్నది టీచరమ్మా. గిట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు.

ఆ రంగులోనే ఇంకొన్ని కాపీలు తీయించాం. కాకా వాటికి ఏమీ తీసుకోలేదు. ఎందుకని నేనూ అడగలేదు. మన్ను కవరును పిల్లవాడి తండ్రి మళ్ళీ సంచిలో పెట్టుకుని తీసుకుపోయాడు.

ఇక ఊ మిగిలింది. పాత చార్టులో ఊయల ఉండేది. ఊయల గాజు మీద పట్టదు. ఊ అంటే ఇంకేం చెబుదాం అని క్లాసులో అడిగితే "ఊరు" అన్నారు. మంచిది, మీ ఊరేది అన్నాను. అక్కడ మొదలైంది గొడవ. కొందరు నవాగామ్ అన్నారు. కొందరు సూరత్ అన్నారు. కొందరు తాతలుండే పల్లె పేరు చెప్పారు. మిరపకాయను నాకిన అమ్మాయి లేచి, "అదేం కాదు టీచర్, ఊరంటే ట్రైన్ల పోతే వచ్చేది" అంది.

మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి ఆ అమ్మాయి తల్లి వచ్చింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే పని చేసేది. ఆమె చేతి వేళ్ళకు ఎప్పుడూ గమ్ము పొరలు పొరలుగా ఉండేది. నా బల్ల మీద మన్ను కాగితాలు చూసి ఇవేమిటని అడిగింది. చెప్పాను. ఆమె మొహం కొంచెం బిగిసింది.

"మాకు ఊర్ల ఏమున్నదక్కా. బోరు ఎండిపాయె. ఇల్లు అన్నదమ్ములు పంచుకునిరి. నా బిడ్డ గిక్కడ్నే పుట్టింది. దానికి గా మన్ను సూపిచ్చి, నీ ఊరు గిది కాదు గది అని చెప్పుడెందుకు?"

"అట్లా చెప్పనమ్మా."

"సెప్పకున్నా గోడ మీద గదే ఉంటె గట్లనే అనుకుంటది."

ఆ తండ్రీ ఈ తల్లీ నాకు చెప్పింది ఒకే రకమైన మాట. గోడ మీద ఏది పెడితే పిల్లలు అదే తమదనుకుంటారని. కానీ ఇద్దరికీ కావలసినవి వేరు. ఆ రాత్రి నాకు దాని గురించే ఆలోచన. పొద్దునకు తేలిందేమీ లేదు. అయితే తెల్లారి ఆమె కూతురి సంచిలో ఒక పొట్లం పంపింది. అందులో నీలం జార్జెట్ ముక్క, మిగిలిపోయిన రాళ్ళు. "మా అమ్మ తాపీ గూడ పెట్టమన్నది" అంది ఆ పిల్ల. తాపీ అంటే సూరత్‌లో పారే నది.

అందుకని ఆ జార్జెట్‌కూ కాపీ తీయించి, ఊరును పిల్లలకే వదిలేశాను. నాలుగు మన్ను కాగితాలను కలిపి అతికి నేల మీద పరిచాను. ఇంతవరకు కత్తిరించిన కాపీలన్నీ ఒక పళ్ళెంలో పోశాను. ఏది ఎక్కడ పెడతారో పెట్టండి అన్నాను.

మొదట నీలం జార్జెట్ కాపీని చింపి మన్నుకు అడ్డంగా నది పెట్టారు. దాని మీద సగం తెరిచిన కత్తెర వంతెన అయింది. అగ్గిపెట్టెలు ఖోలీలయ్యాయి, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. బాబిన్‌ను నిలబెట్టి నీళ్ళ ట్యాంకు అన్నారు. తునికాకులు చెట్లు. గాజులు సచిన్ బస్సుకు చక్రాలు. కాపీలో ఏ వస్తువూ పెరగదు, తరగదు, ఉన్నంతే ఉంటుంది కనుక జొన్న కంకి ఖోలీలన్నిటికంటే ఎత్తుగా లేచి నిలబడింది. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. పత్తికాయను ఆకాశంలో పెట్టారు. చివరికి కంకి తెచ్చినాయన కొడుకు ఒక ముదురు రంగు గళ్ళ చీర కాపీని చతురస్రంగా కత్తిరించి సరిగ్గా మన్ను మధ్యలో అంటించాడు. అది మగ్గాల కార్ఖానా.

అంతా అయ్యాక చూస్తే ఊ అక్షరానికి చోటు లేదు. నేనే ముందుగా చోటు వదలమని చెప్పలేదు. ఎక్కడ పెడదాం అంటే ఒకడు తీసుకెళ్ళి నదిలో పెట్టాడు. దీర్ఘం తోక నీళ్ళ మీదికి లేచినట్టు బాగానే కుదిరింది. అలాగే అంటించాం.

దాన్ని నాలుగు భాగాలుగా కాపీ తీయించి కలిపాం. మధ్య అతుకు దగ్గర నది దారమంత తప్పింది. కాకా మళ్ళీ తీస్తానన్నా వద్దన్నాను. గోడకు పెట్టిన మరుసటి వారం ఆ తండ్రి వచ్చాడు. ఈసారి మధ్యాహ్నం వచ్చాడు, ఆ రోజు ఆయన కార్ఖానాకు సెలవు. కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాడు. చాలాసేపు చూశాడు. తునికాకులను గుర్తుపట్టాడు, కంకిని గుర్తుపట్టాడు. తర్వాత వేలు మధ్యకు పోయింది.

"చెల్క నడుమ కార్ఖాన ఎవడు పెట్టిండు?"

"నేనే బాపూ."

"గీడెందుకు పెట్టినవ్‌రా?"

"డ్యూటీకి దగ్గరుంటదని."

నేను భయపడ్డాను. ఆయన కొడుకు తల మీద చెయ్యి వేశాడు. తర్వాత నవ్వు వచ్చింది ఆయనకు, ఆపుకుందామంటే ఆగలేదు.

"మంచిగ జేసినవ్. రైలు బాధ తప్పింది" అన్నాడు. వెళ్ళేటప్పుడు గోడ మీద బాబిన్ ఉందా లేదా అని కూడా చూడలేదు.

చలికాలం చివర హైదరాబాదు నుంచి కొత్త చార్టులు వచ్చాయి, గొట్టంలాగా చుట్టి. ఇంటికి పెంకులు, రెండు కొబ్బరి చెట్లు అలాగే ఉన్నాయి. అవి ఒక గోడకు, మావి ఒక గోడకు పెట్టాం. పెద్ద సారు రెండూ చూసి, "రెండూ ఉండనియ్యండి, గోడ చెమ్మ కనబడదు" అన్నాడు. అమ్రోలి వైపు పనిచేసే ఒక టీచరు చూడటానికి వచ్చి ఊరు బొమ్మకు కాపీ కావాలంది. కాపీకి కాపీ తీస్తే మన్ను ఇంకా ఎర్రబడి, నది దాదాపు నల్లబడింది. అయినా తీసుకుపోయింది.

ఆ ఎండాకాలం కంకి తెచ్చినాయన పనిచేసే కార్ఖానా యజమాని మగ్గాలు అమ్మేశాడు. ఆయన వేరే చోట్ల తిరిగి చూసి, ఇక లాభం లేదని కుటుంబంతో ఊరికి పోవడానికి సిద్ధమయ్యాడు. కొడుకు టీసీ కోసం బడికి వచ్చాడు. నాకు ఏమివ్వాలో తెలియక, గోడ మీది ఊరు బొమ్మను తీసి ఇవ్వనా అని అడిగాను.

"ఆడికే పోతున్నం గద టీచరమ్మా, ఇగ బొమ్మెందుకు? గీ పోరగాండ్లకు ఉండనియ్యుండ్రి."

టీసీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్లవాడు బెంచీల మధ్య నుంచి తన స్నేహితులకు చెప్పి రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన వరండాలో ఓపికగా నిలబడ్డాడు. వాళ్ళు గేటు దాటేదాకా చూద్దామనుకున్నాను, కానీ లోపల క్లాసు గోల చేస్తోంది.

తర్వాతి ఏడు కూడా కాకా దగ్గరికి వెళ్ళి అంకెల చార్టు చేశాను. అది అంత బాగా రాలేదు. అంకెలకు వస్తువులు లెక్కగా పెట్టాలి, సందుల్లో ఏదీ దూర్చడానికి వీల్లేదు. అందుకేనేమో మరి. అక్షరాల సంగతి అడిగితే, ఊరు బొమ్మ చేసిన ఏడు ఒకటో తరగతిలో ఇద్దరు తప్ప అందరూ చదవడం నేర్చుకున్నారు. ఆ ఇద్దరికీ మరుసటి ఏడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.